చిన్న వెండి గరిటెలు బీరువాలోంచి భోజనాల బల్ల మీదకి తెచ్చాను, రెండు పాడు చేసుకున్నాను. సలహా కావాలి

పడమటి మాంబలం (చెన్నై) అడిగింది:

నాకు చిన్న గరిటెల పిచ్చి. వెండి కంచాలూ చెంబులూ కొనే తాహతు లేదు, వాటి మీద మోజూ లేదు. అరచేతిలో ఇమిడే వెండి గరిటె కనబడితే మాత్రం చెయ్యి ఆగదు. పన్నెండేళ్ళుగా పోగుచేస్తే ఇవాళ్టికి 11 అయ్యాయి. మొన్నటిదాకా హార్లిక్స్ సీసాలో నిలబెట్టి బీరువాలో పట్టుచీరల వెనక దాచేదాన్ని. మా ఆయన దాన్ని "నీ కరండి బ్యాంకు" అంటాడు. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాడు, గరిటె అన్న మాట నోటికి రాదు.

సగం పైగా షావుకారుపేటలో దొరికినవే. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు వెనక సందుల్లో పాత వెండి కొనే కొట్లున్నాయి కదా. జనం తెచ్చి అమ్మిన పట్టీలు, మొలతాళ్ళు, మూత పోయిన కుంకుమ భరిణెలు అన్నీ ఒక రేకు డబ్బాలో పోసి ఉంచుతారు. అవి కొలిమికి పోయేలోపు ఆ డబ్బాలో చెయ్యి పెట్టి వెతకనిస్తే చాలు నాకు. తూకానికి డబ్బులిచ్చి తెచ్చుకుంటాను. ఒకాయనైతే నన్ను చూడగానే "కరండి అమ్మ వచ్చింది" అని డబ్బా ముందుకి తోస్తాడు.

ఈ ఏడాది ఉగాదికి నిశ్చయించుకున్నాను, ఇక సీసాలో ఉంచేది లేదు, వాడాల్సిందే అని. అక్కడ మొదలయ్యాయి తిప్పలు.

మొదటిది ఆవకాయ. ఆదివారం మా ఆడపడుచు వాళ్ళు భోజనానికి వచ్చారు. జాడీలోంచి కొంచెం ఆవకాయ పింగాణీ గిన్నెలోకి తీసి, అందులో ముద్దుగా ఒక చిన్న వెండి గరిటె పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళు వెళ్ళేసరికి రాత్రి పది, నేను గిన్నె మీద మూత పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే గరిటె గుంట బొగ్గులా ఉంది. అంచున నీలం, మెడ దగ్గర పచ్చగా చిలుము. ఆ పచ్చటిది తిన్నామా అని మా ఆడపడుచుకి ఇంకా చెప్పలేదు.

రెండోది చెప్పడానికే బాధగా ఉంది. మా అమ్మమ్మ నేతి గరిటె. అమ్మమ్మది గూడూరు, 1951లో పెళ్ళి. పుట్టింటివాళ్ళు రెండు వెండి రూపాయలు కంసాలికిచ్చి ఆ గరిటె చేయించారని మా అమ్మ ఎప్పుడూ చెబుతుంది. కాడ చివర చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉండేది. వె.సు. అని అమ్మమ్మ పొడి అక్షరాలు. చిన్నప్పటి నుంచి అలాగే విన్నాను. నేను చూసేసరికే అవి అరిగి గరుకుగా తగిలేవి తప్ప చదవడానికి వచ్చేవి కావు. నల్లబడిందని ఒక కొట్లో మెరుగు పెట్టమని ఇచ్చాను. పది నిమిషాల్లో అద్దంలా తెచ్చిచ్చాడు. ఇంటికొచ్చి బొటనవేలితో తడిమితే కాడ చివర నున్నగా ఉంది. చుక్క లేదు, అక్షరం లేదు. వెనక్కి వెళ్ళి అడిగితే "కొత్తదానిలా ఉంది కదమ్మా, ఇంకేం కావాలి" అన్నాడు. నిజమే, నేనే పేరు జోలికి పోవద్దని ముందు చెప్పలేదు.

మిగిలినవాటి గురించి కూడా అడిగేస్తాను. ఒకదాని వెనక వరసగా అయిదు చిన్న ముద్రలున్నాయి: నడుస్తున్న సింహం, లంగరు, పక్కకి తిరిగిన ఆడమనిషి తల, అరిగిపోయిన ఏదో అక్షరం, రెండు పొడి అక్షరాలు. ఇంకోటి మౌంట్ రోడ్డు దగ్గర ఏలంపాటలో కొన్నాను. పొడుగ్గా మెలితిరిగిన నల్ల కాడ, ఈక అంత తేలిక. గుంట అడుగున ఒక పాత నాణెం బిగించి ఉంది. ఇంకో దాని కాడ మీద శంఖచక్రాలతో విష్ణువు బొమ్మ ఉంది. ఒకటి మాత్రం వెండేనా కాదా అని అనుమానం, అంచున పసుపు కనబడుతోంది. ఉద్ధరిణులు రెండున్నాయి. వాటితో పంచదార వేసుకుంటే ఏమవుతుంది అన్నందుకు మా అత్తగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

ఏది దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు? ఎలా తోమాలి? అమ్మమ్మ పేరు మళ్ళీ వస్తుందా? బ్యాంకు లాకరులో పెట్టుకోండి అనే సలహా మాత్రం వద్దండీ, అది మా ఇంట్లోనే ముగ్గురు చెప్పారు.

మింటు వీధి మనవడు రాసింది:

అమ్మాయ్, మా తాతకి మింటు వీధిలో వెండి కొట్టుండేది. నేను డెబ్భై దాటాను, కొట్టు మూసి చాలాకాలమైంది. గరిటెల గురించి ఎవరైనా అడగడం ఇదే మొదలు, అందుకని కాస్త ఎక్కువే రాస్తాను.

సింహం ఉన్నది ఇంగ్లండు సరుకు. నడిచే సింహం అంటే నూటికి 92.5 పాళ్ళు వెండి అని పరీక్ష చేసి కొట్టిన ముద్ర. లంగరు బర్మింగ్‌హాం పరీక్షా కార్యాలయానిది. సముద్రం ఆనవాలు కూడా లేని ఊరికి లంగరేమిటని మా తాత నవ్వేవాడు. ఆ ఆడమనిషి విక్టోరియా రాణి. వెండి మీద పన్ను కట్టినట్టు గుర్తుగా రాజుదో రాణిదో తల కొట్టేవారు. 1784లో మొదలుపెట్టి 1890లో మానేశారు. కాబట్టి నీ గరిటె రాణి గద్దెనెక్కాక, 1890 లోపల చేసింది. ఆ అరిగిన అక్షరం దొరికితే ఏ సంవత్సరమో కూడా చెప్పొచ్చు, ఏడాదికో అక్షరం మార్చేవారు. చివరి పొడి అక్షరాలు చేసినవాడివి.

విష్ణువు ఉన్నదాన్ని మద్రాసులో "స్వామి పని" అనేవారు. దేవుళ్ళ బొమ్మలు ఉబ్బెత్తుగా తేల్చిన వెండి. దొరలూ దొరసానులూ టీ సామాను చేయించుకునేవారు. మౌంట్ రోడ్డులో పీటర్ ఓర్ 1849లో పెట్టిన పి. ఓర్ అండ్ సన్స్ కొట్టు ఈ పనికి పెట్టింది పేరు. వెనక ఓర్ పేరుందేమో భూతద్దంతో చూడు. లేకపోయినా దిగులుపడకు. ఆ రోజుల్లో మన దేశంలో ప్రభుత్వ ముద్ర వేయాలన్న నియమమే లేదు, చేసినవాడు వేస్తే వేసినట్టు, లేకపోతే లేదు. మనకి వెండి హాల్‌మార్కు వచ్చిందే 2005లో.

నాణెం బిగించినది టాడీ గరిటె. ఆ నల్ల కాడ కర్ర కాదు, తిమింగలం నోట్లో జల్లెడలా ఉండే పలకని చీల్చి వేడి చేసి మెలిపెట్టింది. మన గోళ్ళు ఏ పదార్థమో అదీ అదే. 18వ శతాబ్దం చివర్లో, 19 మొదట్లో ఇలాంటివి చాలా చేశారు. టాడీ అన్న మాట మనదే సుమా, హిందీ తాడీ, అంటే మన తాటికల్లే. వాళ్ళ ఊళ్ళో తాడిచెట్లు లేవు కాబట్టి మద్యంలో వేడినీళ్ళూ చక్కెరా కలుపుకుని దానికి ఆ పేరు పెట్టుకున్నారు. దాన్ని నీళ్ళలో నానబెట్టకు, కాడ పొరలుగా లేస్తుంది. పొడిగుడ్డతో తుడువు చాలు. అమ్మే ఆలోచన కూడా పెట్టుకోకు, తిమింగలాలు వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి.

అంచున పసుపు తేలినది మలాం సరుకే అయుండాలి. వెనక ఈ.పీ.ఎన్.ఎస్. అని అక్షరాలు ఒక్కోటి ఒక్కో డాలులో పెట్టి కొట్టుంటాయి, దూరం నుంచి చూస్తే హాల్‌మార్కేననిపిస్తుంది. లోపల జర్మన్ సిల్వరు, పైన వెండి పూత. జర్మన్ సిల్వర్లో వెండి ఆవగింజంత కూడా ఉండదు: రాగి, నికెలు, తుత్తునాగం. కొట్లో ఎక్స్‌రే మిషను పెట్టి చూపిస్తే నమ్మకు, అది పై పొర సంగతే చెబుతుంది.

ఒక్కటి అర్థం కాలేదు. మీ అమ్మమ్మ గరిటె తూకమెంత? వెండి రూపాయి సరిగ్గా తులం, 11.66 గ్రాములు. మా కొట్లోనూ అంతే, గిరాకీ రెండు రూపాయలిస్తే రెండు రూపాయల గరిటె, మూడిస్తే మూడు. మజూరీ వేరే. నీది చూసి చెప్పు.

ఉద్ధరిణి వంటింట్లోకి తేకు. శాస్త్రం సంగతి నాకు తెలియదు, మీ అత్తగారితో కాపురం చెయ్యాల్సింది నువ్వు.

రెండో డికాక్షన్ రాసింది:

అక్కా, మా ఇంట్లో ఒకే ఒక్క వెండి గరిటె ఉంది. నాకు ఉగ్గు తాగించిన ఉగ్గుగిన్నెతో పాటు వచ్చింది. మా ఆవిడ దాన్ని పోపులపెట్టెలో ఇంగువ డబ్బాకి పెట్టింది. ఇప్పుడది కొరివి కట్టెలా ఉంది. మీ ఆవకాయ గరిటెకి తోడు దొరికిందని చెప్పడానికే రాశాను, సలహా ఏమీ లేదు.

మల్లేశ్వరం మాస్టారు (బెంగళూరు) రాసింది:

ముప్పై ఏళ్ళు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. డికాక్షన్ గారి ఇంగువా, మీ ఆవకాయా ఒకే కేసు.

ఆవాల ఘాటు గంధకం ఉన్న పదార్థం నుంచి వస్తుంది. ఇంగువ, వెల్లుల్లి, ఉల్లి, కోడిగుడ్డు అన్నిట్లోనూ గంధకం ఉంది. వెండి దానితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది, అదే ఆ నలుపు. పొర మరీ పలచగా ఉన్నచోట నీలంగా, ఊదాగా మెరుస్తుంది, నీళ్ళ మీద నూనె రంగుల్లాగా. దాని వల్ల ప్రమాదం లేదు. ఆ పచ్చ చిలుము మాత్రం వెండిది కాదు, వెండిలో కలిపిన రాగిది. ఉప్పూ పులుపూ రాత్రంతా తగిలితే రాగి బయటికి వస్తుంది. వేలిముద్ర అంత చిలుముతో మీ ఆడపడుచుగారికి ఏమీ కాదు, పైగా అది రాత్రి పదింటి తరవాత పట్టింది కదా. ఉప్పు అసలు శత్రువు. నలుపు తుడిస్తే పోతుంది, ఉప్పు పెట్టిన గుంటలు పోవు. అందుకే ఇంగ్లీషువాళ్ళు ఉప్పు చెంచాల గుంటకి బంగారు పూత పూయించేవారు. మీ 11లో ఎక్కడైనా గుంట లోపల లేత పసుపు ఉంటే మరక అనుకుని రుద్దకండి.

కాబట్టి నెయ్యి, తేనె, పాలు, పాయసం, పంచదార, పంచామృతం: వీటికి నిర్భయంగా వాడండి. పెరుగు వడ్డించి వెంటనే కడిగితే ఫరవాలేదు. ఊరగాయలు, ఇంగువ వేసిన చారు, గుడ్డు కూర, వెల్లుల్లి కారం, ఉప్పు గిన్నె వద్దు. వేడి పులుసు కూడా వద్దు, దానికి కారణం వేరే. వేడిని మోసుకుపోవడంలో లోహాలన్నిట్లోకి వెండి మొదటిది, మన స్టీలు కంటే పాతిక రెట్లు. కాగుతున్న రసంలో వెండి గరిటె పెట్టి అతిథి చేతికిచ్చారంటే ఆయన మళ్ళీ మీ ఇంటికి రాడు. పెద్దాయన చెప్పిన టాడీ గరిటెకి తిమింగలం కాడ పెట్టింది ఇందుకే.

తోమడం: పళ్ళపొడి, పేస్టు, స్టీలు పీచు ఏదీ వద్దు. మా అమ్మ విభూది పలచటి గుడ్డలో వేసి జల్లించి, రెండు చుక్కల నీళ్ళతో కాడ పొడుగునా రుద్దేది, గుండ్రంగా కాదు. జల్లించకపోతే అందులో ఇసక రేణువు గీత పెడుతుంది. సుద్దపొడి అయినా ఇంతే. అల్యూమినియం ఫాయిలు పరిచి, వంటసోడా వేసి, మరిగే నీళ్ళు పోసే పద్ధతి మీరు చూసే ఉంటారు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, భయపడకండి, అది గంధకం బయటికి పోవడమే. నల్లబడిన వెండి కొంత మళ్ళీ వెండిగా మారుతుంది. ఆవకాయ గరిటెకి ఒకసారి చెయ్యండి. విష్ణువు గరిటెకి మాత్రం చెయ్యవద్దు. ఆ మడతల్లో నలుపు ఉంటేనే బొమ్మ కళ్ళూ ముక్కూ తెలుస్తాయి, అది పోతే స్వామి తెల్లకాగితంలా అయిపోతాడు. తిమింగలం కాడకి అసలే కూడదు.

ఏ గరిటెకీ రబ్బరు బ్యాండు వెయ్యకండి. రబ్బరులో గంధకం ఉంటుంది, బ్యాండు వేసినచోట నల్లగీత పడుతుంది. ఉతికిన పాత మల్లు గుడ్డలో చుట్టి, పక్కన రెండు సుద్దముక్కలు వెయ్యండి, చెమ్మ పీలుస్తాయి. మీ ఊళ్ళో ఇంకో చిక్కుంది. మా చెల్లెలు చింతాద్రిపేటలో కూవం నది పక్కనే ఉంటుంది, ఆ మురుగు వాసనలో ఉన్నది హైడ్రోజన్ సల్ఫైడే. నా దగ్గర ఆరు నెలలు తెల్లగా ఉండే ఉద్ధరిణి అక్కడ ఆరు వారాలకి నల్లబడుతుంది. అయినా అన్నిటికంటే మంచి మందు మీరు చేస్తున్నదే. రోజూ వాడి, కడిగి, తుడిచేదానికి నలుపు పట్టే తీరిక ఉండదు.

మలాం సరుకు తేల్చుకోవడానికి కొట్టుకి వెళ్ళక్కర్లేదు. 0.01 గ్రాము చూపే చిన్న కాటా ఒకటి కొనండి. గరిటె తూచి రాసుకోండి. తరవాత కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చెయ్యండి. గరిటెకి దారం కట్టి, గ్లాసు అడుగు తాకకుండా పూర్తిగా నీళ్ళలో మునిగేట్టు వేలాడదీయండి. కాటా చూపే అంకెతో మొదటి తూకాన్ని భాగించండి. 10.3 చుట్టుపక్కల వస్తే మంచి వెండి, 8.7 దగ్గర వస్తే జర్మన్ సిల్వరు.

పడమటి మాంబలం రాసింది:

మాస్టారూ, పెద్దాయనగారూ, దణ్ణాలు. పొడుగు గ్లాసూ, కుట్టుపని దారమూ పెట్టుకుని నిన్న రాత్రి వంటింట్లో ప్రయోగశాల తెరిచాను. మా అబ్బాయి అంకెలు రాశాడు.

అనుమానం సరుకు 28.40 గ్రాములు, నీళ్ళలో 3.27. భాగిస్తే 8.69. జర్మనీ. నేను దాన్ని వెండి ధరకే కొన్నాను, పోనీలెండి. ఇకనుంచి ఆవకాయకి అదే. పూత పోయినా బెంగ లేదు.

ఆవకాయ గరిటె ఫాయిలు వైద్యంతో మూడొంతులు కోలుకుంది. మెడ దగ్గర రెండు సన్న గుంటలు మిగిలాయి, మాస్టారు చెప్పినట్టే. ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పేశాను. "నాకు తెలుసు వదినా, గరిటె ముద్దుగా ఉందని ఒకసారి నాకి చూశాను" అంది. ఏం చెప్పను!

స్వామి గరిటె వెనక ఏ పేరూ లేదు. విభూది కూడా తగలనివ్వలేదు, పాలగిన్నె పక్కన పెట్టాను.

ఇక అమ్మమ్మ గరిటె 34.52 గ్రాములు, నీళ్ళలో 3.35. భాగిస్తే 10.30. వెండి మంచిదే. కానీ పెద్దాయనగారూ, రెండు రూపాయలంటే 23 చిల్లరే కదా అవ్వాలి?

మింటు వీధి మనవడు రాసింది:

అదే నాకూ గుచ్చుకుంది. 34.52 అంటే మూడు రూపాయలు. మూడుకి 35 గ్రాములు, అరుగుదల అర గ్రాము. పాత రూపాయలే, నూటికి 91.7 పాళ్ళ వెండివి. 1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గించేశారు, ఆ రూపాయలతో చేసుంటే నీ భాగారంలో 10 దాటదు. పెళ్ళి 1951లో అయినా పెద్దవాళ్ళు పాత రూపాయలు దాచి పెట్టేవారు, అది వింత కాదు. రెండు మూడెలా అయింది అన్నదే లెక్క తేలడం లేదు. మీ అమ్మగారు మరిచిపోయుంటారా?

పేరు సంగతి. మెరుగు చక్రం తినేసిన వెండి తిరిగి రాదు. కానీ పేర్లు కొట్టేవాడు గీయడు తల్లీ, సూదిమొన పోటు పెట్టి చిన్న సుత్తితో చుక్కలు కొడతాడు. కాడ పలచనిదైతే ప్రతి దెబ్బా వెనకవైపు ఆవగింజ పొట్టంత ఉబ్బుతుంది. మెరుగు పెట్టేవాడు నలుపున్న ముఖం మీదే చక్రం నొక్కుతాడు, వెనక పైపైన పోనిస్తాడు. లైటార్పి సెల్ ఫోను టార్చి కాడ పక్కనుంచి ఏటవాలుగా వెయ్యి. నేరుగా వేస్తే ఏమీ కనబడదు. వెనకవైపు కాబట్టి అక్షరాలు తిరగబడి ఉంటాయి, ఫోటో తీసి ఫోన్లోనే అద్దంలో చూసినట్టు తిప్పుకో.

అట్లాంటా అమ్మమ్మ రాసింది:

మధ్యలో వచ్చానని అనుకోవద్దు. ఈ గరిటెలు ఎవరైనా అమెరికాలో ఉన్న పిల్లలకి పంపాలనుకుంటే ఒక్క మాట. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువుని బయటికి తీసుకుపోకూడదు. వందేళ్ళు దాటలేదని అనుమానం లేకుండా చెప్పడానికి పురావస్తు శాఖ వాళ్ళ ధ్రువపత్రం తీసుకోవాలి. నేను తెలియక మా అత్తగారి గంధం గిన్నె హ్యాండ్ బ్యాగులో వేసుకుని విమానాశ్రయంలో గంటన్నర నిలబడ్డాను. అది వందేళ్ళది కాదని వాళ్ళకి నమ్మకం కుదిరేసరికి నా కాళ్ళు వాచాయి. విక్టోరియా రాణి గరిటె మాంబలంలోనే ఉండనివ్వండి.

పడమటి మాంబలం రాసింది:

కనబడింది!

రాత్రి పదకొండుకి అందరూ పడుకున్నాక వంటింటి లైటు తీసేశాను. గరిటె బోర్లా పెట్టి టార్చి గట్టు మీద పడుకోబెట్టి మెల్లగా దగ్గరికి జరిపాను. మొదట ఏమీ లేదు, చక్రం తిప్పిన సన్నగీతలే. ఇంకాస్త కిందకి వంచేసరికి ఒక్కో చుక్కా తన నీడతో లేచింది, చలికి రోమాలు నిక్కబొడుచుకున్నట్టు. నాలుగు ఫోటోలు తీసి తిప్పి చూశాను.

"కా. రం." అని ఉంది. కింద 1938.

మళ్ళీ చూశాను. మా అబ్బాయిని లేపి చూపించాను. వాడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, వాడికీ అదే వచ్చింది. ఎటు తిప్పినా అందులో "సు" లేదు. 1938లో మా అమ్మమ్మకి అయిదేళ్ళు.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. మా మేనమామ పెళ్ళి నెల్లూరులో జరిగిందట. వడ్డనకి ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి, చుట్టాల ఇళ్ళ నుంచి వెండి సామాను తెచ్చారు. పెళ్ళయ్యాక ఎవరి గరిటెలు వాళ్ళు తీసుకునేటప్పుడు అమ్మమ్మ సంచిలోకి ఇది వచ్చింది. "కా. రం." అంటే వియ్యపురాలి తోడికోడలు. అమ్మమ్మ పేరున్న రెండు రూపాయల గరిటె ఆవిడ దగ్గరికి పోయింది. ఇంటికొచ్చి చూసుకున్న రోజే అమ్మమ్మకి తెలుసట. తిరిగి పంపుదామని తాతయ్య అంటే, "వాళ్ళు అడిగినప్పుడు చూద్దాం లెండి" అందట. వాళ్ళు అడగలేదు. ఇది తులం బరువెక్కువ. అమ్మమ్మ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు, కాడ చివర మాత్రం రోజూ చింతపండు పెట్టి కొంచెం గట్టిగా తోమేదట.

అందుకే నేను చూసేసరికే చదవడానికి వచ్చేది కాదన్నమాట. మెరుగు కొట్టువాణ్ణి ఈ నెలంతా తిట్టుకున్నాను, పాపం సగం పని మా అమ్మమ్మే చేసిపెట్టింది.

ఇప్పుడు సంగతేమిటంటే, ఆ వియ్యపురాలి తోడికోడలి మనవరాలు పెరంబూరులో ఉంది. పెళ్ళిళ్ళలో కలుస్తుంటాం, ఫోన్ నంబరు ఉంది. వాళ్ళింట్లో వె.సు. అని ఉన్న రెండు రూపాయల గరిటె ఉందేమో అడగాలని మనసు లాగుతోంది. అడిగితే ఇది ఇచ్చెయ్యాలి. నిన్న రాత్రి కూడా దీనితోనే ముద్దపప్పులో నెయ్యి వేసుకున్నాను. గుంట సరిగ్గా ఒక ముద్దకి సరిపడా పడుతుంది.

పెద్దాయనగారూ, ఫోన్ చెయ్యమంటారా?

మింటు వీధి మనవడు రాసింది:

చెయ్యి. ముందు వాళ్ళ గరిటె తూకమెంతో అడుగు. నీది ఎంతో అడిగితే మాత్రం కాటా పాడయిందని చెప్పు.